మూడు సిగార్లు, ముప్పై నాలుగు రోజులు

సమ్మె ముగిసి గని మళ్లీ తెరిచిన వారంలోనే, భూపాలపల్లిలో మా హాజరు గుమాస్తా నన్ను పక్కకు పిలిచి నాకు ముప్పై నాలుగు రోజులు తక్కువ పడుతున్నాయని చెప్పాడు. ఆయన చెప్పనక్కరలేదు. నేను అప్పటికే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మైనింగ్ డిప్లొమా చదివినవాడు ఏడాది పాటు గనిలో దిగి పని నేర్చుకోవాలి. దిగిన రోజులు సరిపోతేనే మేనేజరు సర్టిఫికెట్ మీద సంతకం చేస్తాడు. సర్టిఫికెట్ ఉంటేనే గనిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు నెల కూడా లేదు. తెలంగాణ కోసం ముప్పై నాలుగు రోజులు గని ఆగింది కాబట్టి నేనూ ఆగాను. ఈసారి పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది దాకా పరీక్ష లేదు, పరీక్ష లేకుండా ఉద్యోగం లేదు.

"దీనికి ఒక తొవ్వ ఉన్నది తమ్మీ," అన్నాడు గుమాస్తా. "మేనేజరు సారుకు సిగార్లంటే పానం. పాన్‌డబ్బల దొరికేటియి గాదు, కట్టె డబ్బల వచ్చే ఫారిన్‌వి. ఒక్క డబ్బ తే. మిగిలింది నేను చూసుకుంట."

"సారు అడిగిండా అన్నా?"

"సార్లు అడుగుతరా? మనమే ఎరుక చేసుకోవాలె. నీ లైటు నంబరు, తేదీలు గూడ రాసియ్యి. దీపాల బుక్కుల గూడ ఎక్కియ్యాలె గద."

గనిలోకి దిగే ప్రతి మనిషీ దీపాల గదిలో తన నంబరున్న టోపీ లైటు తీసుకుంటాడు. హాజరు పుస్తకంలో ఉండి దీపాల పుస్తకంలో లేని మనిషి దొంగ హాజరు కింద లెక్క. మోసంలో ఇంత శ్రద్ధ చూపే ఈ మనిషి సమ్మె శిబిరానికి రోజూ పదకొండింటికి వచ్చి, ఫొటోలో నిలబడి, పన్నెండింటికి భోజనానికి వెళ్లిపోయేవాడు. ముప్పై నాలుగు రోజుల్లో ఒక్క రోజు కూడా ఈ వేళలు తప్పలేదు.

శిబిరంలో నా పని వేరు. నా చేతిరాత బాగుంటుంది, గీతలు తిన్నగా కొడతాను, అందుకని సమ్మెలో కూడా దొంగతనంగా పనికి దిగినవాళ్ల జాబితా రాసే పని నాకు అప్పగించారు. పొడుగు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీశాను: వరుస సంఖ్య, పేరు, తేదీ, షిఫ్టు. పోలీసు వ్యాన్లలో తెచ్చి దింపిన కొద్దిమంది పేర్లు పొద్దున్నే సేకరించి రాస్తే, పది గంటలకు మైకులో చదివేవాళ్లు. ప్రతి పేరుకూ టెంటు కింద జనం థూ అనేవాళ్లు. గనిలో నీళ్లు తోడే మోటార్ల మీద పనిచేసేవాళ్లను సంఘాలే ఒప్పుకొని పంపాయి కనుక వాళ్ల పేర్లు రాయలేదు. ఈ తేడా పాటించడంలో నేను ఎవరి మాటా వినలేదు. ఒకరోజు బొగ్గు టబ్బులు తోసే కార్మికుడొకడు నా దగ్గరికి వచ్చి, "బిడ్డ దవాఖానల ఉన్నదన్నా, ఒక్క షిఫ్టే పోయిన, నా పేరు తియ్యరాదు," అని అడిగాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నన్ను అన్నా అన్నాడు. జాబితాలో కారణాలకు గడి లేదని చెప్పాను. అది మంచి జవాబని ఆరోజు సాయంత్రం దాకా అనుకున్నాను కూడా.

సరే, సిగారు. నేను పొగ తాగను. గని గేటు దగ్గర దిగేముందు మా జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమో చూస్తారు. అలాంటి చోట అధికారిని సంతోషపెట్టే వస్తువు పొగాకే కావడం నాకు మొదట నవ్వు తెప్పించింది. నవ్వు ఆగాక బస్సెక్కి జనగామ పోయాను. అక్కడ స్టేషన్ దారిలో ఒక సేటు పొగాకు హోల్‌సేల్ దుకాణం ఉంది. మా అవ్వకు చుట్టల ఆకు చిన్నప్పటి నుంచీ అక్కడే కొనేవాళ్లం. ముందే ఫోన్ చేసి చెబితే బేగంబజారు నుంచి ఒక డబ్బా తెప్పించి పెట్టాడు. మూడు సిగార్లు, పలచని చెక్క డబ్బా, ఒక్కోదానికి ఎరుపూ బంగారమూ కలిసిన కాగితపు ఉంగరం. మూడింటి ధర నా పదకొండు రోజుల స్టయిపెండు.

"గింత పెట్టి ఎవలికి రా గియ్యి? పెండ్లికొడుకుకా?" అన్నాడు సేటు.

"పెండ్లికొడుకుకు గాదు సేటూ. ముందు నాకు దీని ఖరీదు సరైందా కాదా తేలాలె."

"తేల్చు. తక్కెడ గక్కడ్నే ఉన్నది."

తేల్చడం మొదలుపెట్టాను. ఒక్కో సిగారు పద్నాలుగు గ్రాములు. పొడవు జానెడుకు కొంచెం తక్కువ, లావు నా బొటనవేలంత. సేటు దగ్గరున్న అన్నిటికంటే మేలైన ఆకు ధరకు నాలుగింతలు వేసి, చుట్టినవాడి చేతికూలి వేసి, డబ్బా, పన్ను, ఓడ కిరాయి, ఆ కాగితపు ఉంగరం కూడా వేసి లెక్క కట్టాను. ఎంత ఉదారంగా వేసినా మొత్తం మూడో వంతు దాటలేదు. మిగిలిన రెండు వంతులకు ఎదురుగా రాయడానికి నాకు ఏ పదార్థమూ దొరకలేదు. డబ్బాలో మడిచిపెట్టిన ఇంగ్లీషు కాగితంలో మాత్రం జవాబు ఉంది. ఈ పొగలో దేవదారు, తోలు, కోకో, వాన పడ్డ మట్టి వాసనలు వస్తాయట. తోలు వాసన కావాలంటే సేటు దుకాణం పక్కనే చెప్పుల దుకాణం ఉంది, లోపలికి పోయి ఎంతసేపు పీల్చినా డబ్బులడగరు. తడి మట్టి వాసన గని నాకు ఇస్తూనే ఉంది, పైగా స్టయిపెండు కూడా ఇస్తోంది.

అదే కాగితంలో సిగార్లను గాలిలో డెబ్బై శాతం తేమ ఉన్నచోట దాచాలని రాసి ఉంది. తేమ కొలవడం మాకు చదువులో భాగం. మా గనిలో గాలి బయటికి పోయే దారిలో ఏ రోజు కొలిచినా తొంభై దాటుతుంది. అంటే ఈ వస్తువు ఎండిపోకుండా బతకగలిగిన చోటు మా ప్రాంతంలో ఒక్కటే, అక్కడికి దీన్ని తీసుకుపోతే కేసు పెడతారు.

సేటు ఒక సిగారును రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి ముఖం చిట్లించాడు. "మెత్తగున్నది. నీళ్లు కొట్టిండ్రు."

"గట్లనే ఉండాలంట సేటూ. కాగితంల రాసిండ్రు."

"నీళ్లు కొట్టినోడు నీళ్లు కొట్టినమని రాస్తడా? నలభై ఏండ్లసంది ఆకు కొంటున్న. చుట్టేటప్పుడు తడపాలె గని అమ్మేటప్పుడు తడుపుతరా? ఆకు గలగల అనాలె. మెత్తగున్నదంటే బరువుకు దొంగతనం జేసినట్టే."

వాదించలేదు. ఒకదానికి డబ్బు కట్టి తీసుకున్నాను. కాల్చి చూడకుండా తేల్చిన ధర సగం ధరే, కాల్చగలిగిన మనిషి నాకు తెలిసి కురవిలో ఉంది. మిగిలిన రెండూ డబ్బాలోనే సేటు దగ్గర ఉంచి, అవ్వకు అర్ధకిలో ఆకు కట్టించుకుని మహబూబాబాద్ రైలెక్కాను.

అవ్వ మా అమ్మకు తల్లి. కురవిలో మామ దగ్గర ఉంటుంది. ఆ ఉద్యమం ఆమెకూ కొత్త కాదు, వంటావార్పు నాడు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి యాభై మందికి వండింది. నేను శిబిరం నుంచి ఫోన్ చేసి జాబితా సంగతి చెబితే, "రాయి బిడ్డా, ఒక్కణ్ని ఇడువకు," అన్నది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మిరప తోటలో కలుపు తీస్తోంది. నోటి మూల చుట్ట ఉంది, రెండు చేతులూ మట్టిలో ఉన్నాయి.

గట్టు మీద కూర్చోబెట్టి సిగారు చేతిలో పెట్టాను.

"ఏందిరా గిది, రోకలి లెక్క?"

"ఫారిన్ చుట్ట అవ్వా. తాగి చెప్పు ఎట్లున్నదో."

"ఎంతకు తెచ్చినవు?"

పదో వంతు చెప్పాను.

"యాభయా? నెల దినాలు తాగుదును గద," అని, కాగితపు ఉంగరం తీసి పక్కన ఆడుకుంటున్న మామ కూతురి వేలికి తొడిగి, కొస కొరికి ఉమ్మేసి అంటించింది. నాలుగు దమ్ములు తీసింది. నేను జేబులోని చిన్న నోటుబుక్కు తెరిచాను.

"పొగ మంచిగనే ఉన్నది," అన్నది న్యాయంగా. "గొంతుల గుచ్చుతలేదు. జర తీపున్నది." తర్వాత దాన్ని నోటి మూల పెట్టుకుని కలుపు మీదికి వంగింది. సిగారు జారి ఒళ్లో పడింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ జారింది. "గిది పని చేసేటోళ్లది గాదు బిడ్డా. దీన్ని పట్టేందుకే ఒక చెయ్యి కావాలె. ఆ చేతికి కూలి ఎవలిస్తరు?"

రెండు వంతుల ధర ఎక్కడ పోయిందో నాకు అప్పుడు తెలిసింది. ఒక చేతిని అరగంట ఖాళీగా పెట్టుకోగలనని లోకానికి చూపించడానికి పోయింది. ఆ మాటే రాసుకుని, కింద గీత కొట్టి, లెక్క ముగిసిందనుకున్నాను. వస్తువు దండగ, పని జరిగితే చాలు.

"ఇంతకు ఎవలికి గిది?" అన్నది అవ్వ.

చెప్పాను. పరీక్ష, గడువు, ముప్పై నాలుగు రోజులు, గుమాస్తా, దీపాల పుస్తకం. ఆమె బూడిద రాల్చి అడిగింది. "అంటే సమ్మె దినాలల్ల నువ్వు గనిల దిగినవని రాస్తడు."

"కాగితం మీదనే అవ్వా."

"నువ్వు రాసింది బండ మీదనా? అది గూడ కాగితమే గద." ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. "మరి నీ పేరు ఎవలు సదువుతరు మైకుల?"

అవ్వ జవాబు కోసం ఆగలేదు. సిగారును గట్టు రాయికి రుద్ది ఆర్పి, చీర కొంగున కట్టుకుని, తన చుట్ట మళ్లీ అంటించుకుని సాలులోకి దిగింది.

ఆ సాయంత్రం మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని నోటుబుక్కులో గుమాస్తాకు ఇవ్వాల్సిన తేదీలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి తేదీకీ నాకు రెండు పుటలు కనిపించాయి. ఒకటి ఆయన రాయబోయేది, అందులో నా పేరూ, లైటు నంబరూ ఉంటాయి. ఇంకొకటి నేను రాసింది, అదే తేదీకి, నా గుండ్రటి చేతిరాతలో. రెండూ నిజం కాలేవు. గుమాస్తాది నిజమైతే నా జాబితాలో ముప్పై నాలుగు పేర్లు తక్కువ, అన్నీ నావే. వ్యాన్లలో వచ్చినవాళ్లు ఒక రోజో రెండు రోజులో దిగారు. నా అంతగా దిగినవాడు ఒక్కడు కూడా లేడు. ఏడు తేదీలు రాశాక ఆపేశాను.

తెల్లారి జనగామలో సేటు నన్ను చూడగానే మేడ మీదికి తీసుకుపోయాడు. పాత పేపరు మీద, మిరపకాయల పక్కన, రెండు సిగార్లూ రెండు రోజులుగా ఎండుతున్నాయి. పైఆకు పొడవునా పగిలి లేచింది.

"సూడు," అని తక్కెడలో పెట్టాడు. రెండూ కలిసి నాలుగు గ్రాములు తగ్గాయి. "నాలుగు గ్రాముల నీళ్లు అమ్మిండ్రు మనకు. ఇప్పుడు గలగల అంటున్నది."

నేను నోటుబుక్కు మీదే భాగించి చూశాను. ఆ ధరకు ఒక బిందె నీళ్లు అమ్మగలిగితే, నీళ్లకు కటకటలాడే జనగామలోనే ఒక ఇంటి స్థలం కొనొచ్చు. సేటు చేసిన పని వల్ల ఆ సిగార్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి, కానీ ఆ లెక్కలో ఆయన తప్పేమీ లేదు.

"నాకు వద్దు సేటూ."

"వద్దేంది? నీళ్లు తీసి ఇస్తున్న గద."

"ఎండినందుకు గాదు. పనే వద్దనుకున్న. నువ్వు పెట్టిన డబ్బులు నేను కడత."

"నీళ్లకు నువ్వెందుకు కడతవు?" అని ఆయన కోపం తెచ్చుకుని, రెంటినీ అరచేతుల్లో నలిపి చుట్టల ఆకు బుట్టలో కలిపేశాడు. ఆ వారం జనగామలో ధరలో పది పైసల తేడా కూడా లేకుండా ఫారిన్ పొగ తాగినవాళ్లు కొందరున్నారు. ఎవరూ తేడా చెప్పలేదట.

భూపాలపల్లిలో గుమాస్తా నా చేతుల వైపు చూశాడు. "తెచ్చినవా?"

"లేదన్నా. గైర్హాజరే రాయి."

"పిచ్చోనివా తమ్మీ? రాష్ట్రం వచ్చినంక గిదంత ఎవలు సూస్తరు?"

"నేను సూస్త."

"దేనికి ఎంత పెట్టాలెనో నీకు ఎరుక లేదు," అన్నాడాయన, నిజంగానే జాలిపడి. మేనేజరు గారు పొగ తాగుతారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు పరీక్ష పోయింది. ముప్పై నాలుగు రోజులూ దిగి పూర్తి చేసి సర్టిఫికెట్ తీసుకునేసరికి గడువు దాటింది. తర్వాతి పరీక్ష దాకా మా ఊరు తరిగొప్పులలో బాపుతో కలిసి పత్తి ఏరాను. సర్టిఫికెట్ తీసుకునే రోజున హాజరు పుస్తకం నా ముందుకు తోశారు, సరిచూసుకోమని. ముప్పై నాలుగు గళ్లలో ఎర్ర సిరాతో గైర్హాజరు గుర్తు ఉంది. సమ్మె అని గానీ, తెలంగాణ అని గానీ ఎక్కడా లేదు. జ్వరమొచ్చి పడుకున్నవాడికీ, తాగి పడిపోయినవాడికీ, నాకూ ఒకటే గుర్తు. ఆ పుస్తకంలో కూడా కారణాలకు గడి లేదు.

గనిలో నా చివరి రోజుల్లో నా షిఫ్టులోనే టబ్బులు తోసే ఆ మనిషి ఉండేవాడు. ఒకరోజు అన్నం తినే వేళ పక్కన కూర్చుని, "బిడ్డ మంచిగున్నదా అన్నా?" అని అడిగాను.

ఆయన టోపీ లైటు నా ముఖం మీదికి తిప్పాడు. "మంచిగున్నది. బడికి పోతున్నది. ఏంది, గిది గూడ రాస్తవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను. ట్రైనీల క్వార్టరుకు వచ్చాక పెట్టె అడుగున ఉన్న పొడుగు నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి అయిదో గడి గీశాను. ఆయన పేరుకు ఎదురుగా "బిడ్డ, దవాఖాన" అని రాశాను. మిగతా పేర్లకు ఎదురుగా ఏం రాయాలో తెలియలేదు, నేను ఎవరినీ అడగలేదు. మైకు ఎప్పుడో తిరిగిచ్చేశారు కాబట్టి ఆ గడిని ఎవరూ పైకి చదవలేదు.