రూబమ్మ కంటి కింద సుడి

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని హారిస్‌డేల్ పార్కులో పిల్లల సంబరం జరుగుతుంటే అక్కడికి లాక్కుపోయింది. గాలి బుడగలు, సాసేజీలు కాల్చే పొయ్యిలు దాటి పోతే, చెట్ల నీడన పిల్లల్ని ఎక్కించుకు తిప్పే బండి ఒకటి, దానికి కట్టిన గోధుమరంగు గుర్రం ఒకటి. వచ్చినవాళ్ళందరూ తల పైకెత్తి దాని ఎత్తు చూస్తున్నారు, డెక్కల మీద కుచ్చుల్లా వేలాడే వెంట్రుకలు చూస్తున్నారు. నేను మాత్రం తిన్నగా పోయి దాని ఎడమ కంటి కింద చూశాను. "అమ్మమ్మా, వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్?" అంది మనవరాలు. ఏం చెప్పను దానికి? దుమ్ము పడిందేమోనని చూశానన్నాను. ఇంటికొచ్చాక అసలు మాట కడుపులో నిలవక, నేను చెబుతాను నువ్వు రాయవే అని మా అమ్మాయిని కూర్చోబెట్టాను. నాకు సంతకం వచ్చు, బైబిలు అక్షరం అక్షరం కూడబలుక్కోవడం వచ్చు, అంతకుమించి రాదు. గొంతు కూడా తుప్పు పట్టిన తలుపులా ఉంటుంది, అది నా చిన్నప్పటి నుంచీ అంతే, బండి మీద కూర్చుని జనాన్ని తప్పుకోమని అరిచి అరిచి అలా అయింది.

నా ఈడువాళ్ళకి జట్కా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా నాన్న తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. గడ్డి పరిచిన ఆ బండిలో ముందు కూర్చుంటే గుర్రం తోక మొహానికి తగిలేది, వెనక కూర్చుంటే కాళ్ళు రోడ్డు మీదికి వేలాడేవి. ఆ బండి కిందా ఆ గుర్రం పక్కనా పెరిగినదాన్ని, మిషను హాస్టల్లో ఉండి చదువుకున్న కుర్రాడికిచ్చి చేశారు. ఆయన ఎరువులూ నేలలూ చదవడానికి ఆస్ట్రేలియాలో ఈ పెర్తు యూనివర్సిటీకి వస్తే, ఆయన వెనక నేనూ వచ్చాను. చదువుకునే రోజుల్లో ఇల్లెక్కడ దొరుకుతుంది? ఊరి బయట, అప్పుడిదంతా ఇసక నేలలు, కాయితం లాగా బెరడు ఊడే చెట్లు, కంచెలు, అంతే. అక్కడ ఒక ముసలాయన ఒంటరిగా చిన్న ఫారం నడుపుకుంటూ, పని చేసిపెట్టేవాళ్ళకి పెరటి వైపున్న రేకుల ఇల్లు ఇస్తానన్నాడు. గుర్రాలున్నాయట, నీకు భయమా అని మా ఆయన అడిగాడు నన్ను. నన్ను!

అవి రెండు. నాగలి లాగే భారీ జాతికీ స్వారీ గుర్రానికీ పుట్టిన కలగలుపు జాతివి. మా తెనాలి గుర్రాలు వాటి పక్కన మేకపిల్లలు. మగదాని పేరు కెప్టెన్, ఆడదాని పేరు రూబీ. రూబీ నాకు రెండో రోజుకే రూబమ్మ అయింది. మెడ కింద గోకితే పెదవి వేలాడేసి కళ్ళు మూసుకునేది, నేను గోకడం ఆపితే తలతో నా భుజాన్ని ఒక్క తోపు తోసేది, నేను పోయి కంచె మీద పడేదాన్ని. ఆ ముసలాయన ట్రాక్టరుని నమ్మేవాడు కాదు. కూరల మళ్ళ మధ్య దున్నడానికీ, పేడబండి లాగడానికీ, గాలికి పడిన చెట్లని పొయ్యికోసం ఈడ్చుకురావడానికీ ఆ జతే. మా నాన్న నాలుకతో చేసే చప్పుళ్ళే నేనూ చేసేదాన్ని, వారం తిరక్కుండా రెండూ వాటికి అలవాటు పడ్డాయి. మా ఆయన యూనిలో ట్రాక్టర్ల గురించి చదివొచ్చి, సాయంత్రం బూట్లు విప్పి రూబమ్మ పగ్గాలు పట్టుకునేవాడు. "పొద్దున పాఠం ఒకటి, సాయంత్రం పాఠం ఒకటి. రెండో పంతులమ్మకి గొంతు ఎక్కువ" అనేవాడు నన్ను. ఇంతలో ముసలాయనకి నడుం పడిపోయి కూతురి దగ్గరికి వెళ్ళిపోవలసి వచ్చింది. పోతూ పోతూ ఫారం చూసుకోమన్నాడు, ఈ రెంటినీ మీరుంచుకుంటే బతుకుతాయి, లేదంటే లారీ వస్తుందని చెప్పి వెళ్ళాడు. లారీ అంటే కబేళాకని మాకు అర్థమైంది. అలా ఏమీ లేని మేము ఏనుగులంత రెండు గుర్రాలకి యజమానులమయ్యాం.

ఆ సంతోషం వేడి రోజులు మొదలయ్యేదాకానే. ఒకరోజు చెమట కడుగుదామని రూబమ్మ మొహం తడి గుడ్డతో తుడుస్తుంటే, ఎడమ కంటి కింద, కన్నీరు జారే దారిలో, రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. గుడ్డ నా చేతిలోంచి జారిపోయింది. గుర్రాలవాళ్ళింట్లో పుట్టినదానికి సుడి చూపించి చెప్పక్కర్లేదు. నుదుటి సుడి, మెడ సుడి, పొట్ట సుడి, దేని ఫలం దానిదే అంటారు. కంటి కింద దాన్ని కన్నీటి సుడి అంటారు, అలాంటి గుర్రం ఉన్నింట్లో యజమాని పోతాడని, ఆడది ఏడుస్తుందని. తెనాలి స్టాండులో ఎంత మంచి గుర్రమైనా ఆ సుడి ఉందంటే ఎవరూ తాకేవారు కాదు. మేం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళమే, చర్చికి పోయేవాళ్ళమే, కానీ గుర్రం దగ్గరికొచ్చేసరికి మా నాన్నకి సుడి సుడే.

మా నాన్నకీ రాయడం రాదు, నాకూ రాదు గనక మేము క్యాసెట్లలో మాట్లాడి పంపుకునేవాళ్ళం. ఆయన పంపిన క్యాసెట్టు వెనక స్టేషను కూతలూ, బళ్ళ గంటలూ వినబడేవి, అవి వినడానికే నేను దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకునేదాన్ని. ఈసారి సుడి సంగతి చెప్పి పంపాను. జవాబొచ్చింది. మొదట్లోనే దగ్గు, తరవాత మాట. "అమ్మాయ్, దాన్ని ఒక్క పూట కూడా ఉంచబాకండి. తోలెయ్యండి. అదే ముందు పోయిందా, గండం దాంతోటే పోద్ది, అల్లుడు గట్టెక్కుతాడు. లేదంటే నేను చెప్పలేనమ్మా."

మా ఆయన విని నవ్వాడు. "మీ నాన్న చెప్పే సుడులు తెనాలి గుర్రాలకేనే. ఇది ఆస్ట్రేలియా గుర్రం, దానికా సంగతి తెలీదు." తోలెయ్యమంటే ఎక్కడికి తోలాలి, లారీకా అని అడిగాడు. నాకూ దాన్ని పంపే గుండె లేదు. పాత జీను తోలు ముక్క ఒకటి కోసి, కళ్ళెం మీద కంటి పక్కనుండే గంతకి కింద అతికించి కుట్టాను, సుడి కనబడకుండా. పనిలో ఉన్నంతసేపూ అది మూసి ఉండేది. మా ఆయన దాన్ని రూబమ్మ బురఖా అనేవాడు. పని అయ్యి కళ్ళెం తీసేయగానే సుడి మళ్ళీ నన్ను చూసేది. ఆయన బస్సెక్కి వెళ్ళిన రోజల్లా, తిరిగొచ్చి గేటు తీసేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. ఎవరికి చెప్పుకోను?

ఆయన ఆఖరి పరీక్ష రాసే రోజు పొద్దున రూబమ్మ దాణా ముట్టలేదు. ఆయన వెళ్ళిపోయాక చూస్తే ముందు కాలితో నేల గీకుతోంది, తల తిప్పి తన పొట్టవైపే చూసుకుంటోంది. కడుపునొప్పి అని తెలిసింది. మా నాన్న అయితే వాము, ఇంగువ కాచి పోసి నడిపిస్తాడు. ఉన్న వామంతా కాచి గిన్నెలో పట్టుకెళ్ళాను, అంత గుర్రానికి అది ఏ మూలకి? నడిపించాను. ఎండలో కంచె వెంబడి అటూ ఇటూ నడిపిస్తూనే ఉన్నాను, అది మధ్యలో మోకాళ్ళు మడిచి పడిపోబోతుంటే గొంతు చించుకుని అరుస్తూ లేపుతున్నాను. నా కేకలకి పక్క ఫారం ఆంటీ కంచె దాటి వచ్చింది. ఆవిడ చూసి, "ఓ లవ్" అని, అయ్యో తల్లీ అన్నట్టు ఒక్క మాట అని, ఫోను చెయ్యడానికి ఇంట్లోకి పరిగెత్తింది.

పశువుల డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశాడు, సూది వేశాడు. పేడ కొంచెం తీసి నీళ్ళ బకెట్లో కలిపి కాసేపాగి వంచి చూపించాడు. అడుగున ఇసక. తెల్లటి, మెత్తటి ఇసక, గుప్పెడు. పచ్చిక ఎండి పొట్టిదైపోయాక అవి వేళ్ళతో సహా పీక్కు తింటాయట, ఇసక పోయి పేగుల్లో కూర్చుంటుందట. మా తెనాలిది నల్లరేగడి, మా నాన్న చెప్పే జబ్బుల్లో ఇది లేనే లేదు. మేం సుడి వైపు చూస్తూ కూర్చున్నాం, గండం నేలలోంచి వచ్చింది.

మధ్యాహ్నానికి రూబమ్మ పక్కకి పడిపోయింది. తలకి కళ్ళెం లేదు, చెమటకి మొహం తడిసి ఆ సుడి నల్లగా, ఎన్నడూ లేనంత స్పష్టంగా కనబడుతోంది. నేను ఇసకలో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని ఆ సుడి మీద అరచెయ్యి కప్పాను. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. దీన్ని బతికించు ప్రభువా అంటే, మరి పరీక్షకి వెళ్ళిన మనిషి? దీన్ని తీసుకో అని ఏ నోటితో అనను? డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదని ఆంటీ నా మొహం తనవైపు తిప్పుకుని, చిన్న చిన్న మాటల్లో, చేతులతో చెప్పింది: లేవదు, చాలా నొప్పి, సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చుతాడు, నువ్వు ఎస్ అనాలి. మా హస్బెండ్ వస్తాడు అన్నాను. అప్పటిదాకా ఆ నొప్పి దానికి అన్యాయం అంది. అంతవరకు ఈ దేశంలో దేనికైనా ఔనో కాదో చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఎస్ అన్నాను. ఆ ఎస్ రూబమ్మ కోసమా, మా ఆయన కోసమా అని ఇవాళ్టికీ నాకు తెలియదు. నా అరచెయ్యి కింద దాని రెప్ప రెండుసార్లు కదిలి ఆగిపోయింది.

బస్సు టైముకి రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆయన దిగాడు. చంకలో పుస్తకాలు, చొక్కాకి సిరా మరక, నిక్షేపంలాంటి మనిషి. భుజాలు, చేతులు, మొహం తడిమి తడిమి చూసి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. "ఏమే, పరీక్ష పోయిందనుకున్నావా? బానే రాశాను" అన్నాడు. అప్పుడు నా చీరనిండా ఇసక చూశాడు. పుస్తకాలు నా చేతిలో పెట్టి కంచెవైపు నడిచాడు. ఆంటీ వాళ్ళాయన ట్రాక్టరు తెచ్చి గొయ్యి తీశాడు, ట్రాక్టరుని నమ్మని ముసలాయన ఫారంలో.

మర్నాడు పొద్దున చూస్తే కెప్టెన్ బండి నొగ దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నిలబడే కుడివైపునే, ఎడమవైపు రూబమ్మకి చోటు వదిలి. కదలమన్నా కదల్లేదు, నేను చేసిన చప్పుళ్ళేవీ వాడి చెవికెక్కలేదు. ఇక పని చెయ్యనూ లేదు. ఆయనకి ఉద్యోగం వచ్చి మేం ఊళ్ళోకి మారినప్పుడు కెప్టెన్‌ని ఆంటీ తన పచ్చికలోకి తోలుకుపోయింది. మా నాన్న క్యాసెట్లో గండం గడిచిందమ్మా అన్నాడు, ఆ వెనకాల గంటలు మోగాయి. నిజంగానే గడిచింది. మా అమ్మాయి పుట్టింది, పెద్దదయింది, ఆయన తల నెరిసింది.

ఆయన పోయింది నిరుడు. హాస్పిటల్లో డాక్టరు వెలుగుతున్న అద్దం మీద ఆయన రొమ్ము ఎక్స్‌రే బొమ్మ పెట్టి, వేలితో ఒక తెల్లటి మచ్చ చూపించాడు. రూపాయి బిళ్ళంత ఉంది. అమ్మాయి ఇంగ్లీషులో ఏవేవో అడుగుతూ ఉంటే నేను మంచం దగ్గరికెళ్ళి ఆయన రొమ్ము మీద అరచెయ్యి పెట్టాను. ఆయన కళ్ళు తెరిచి, "బురఖానా?" అని నవ్వాడు. ఆ నవ్వే ఆఖరిది.

ఆ ఫారం ఎక్కడుండేదో ఇప్పుడు నేను చూపించలేను. ఇసక మీద గడ్డి చాపలు పరిచారు, ఇళ్ళు లేచాయి, వీధులకి కొట్టేసిన చెట్ల పేర్లు పెట్టారు. అమ్మాయి కొనుక్కున్న ఈ ఇంటి కిందే రూబమ్మ ఉన్నా ఉండొచ్చు. అప్పుడు నా భయానికి ఒక చోటు ఉండేది, తోలు ముక్కతో కప్పుకునేదాన్ని, పొద్దునా సాయంత్రం ఒక గుర్రం మీద ఆ నింద వేసేదాన్ని. మొన్న పార్కులో ఆ గుర్రం కంటి కింద ఏ సుడీ లేదు, చెంప నున్నగా ఉంది. కాసేపు దాని మీద చెయ్యి అలాగే ఉంచాను. చాలు పదమ్మా అని మనవరాలితో అన్నాను గానీ, కాళ్ళు మాత్రం చప్పున కదల్లేదు.