పండ్ల డాక్టరుకు చెప్పని మాట

నాకు టీబీ అని తేలినప్పుడు, ఆశా కార్యకర్తను వదిలేస్తే, ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నా భర్త, ఇంకొకరు అత్తమ్మ. మాది రామన్నపేట దగ్గర పల్లె. మాకు గొర్లున్నాయి, కొంచెం పత్తి చేను ఉంది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. సంగతి బయటపడితే నా చేతి జాకెట్టు తొడుక్కునే ఆడమనిషి ఉండదని నా భయం. అందుకే గోలీల అట్టలను గొర్ల మందుల సంచిలో దాచాను.

గోలీలు మొదలుపెట్టిన పదో రోజున కుడి దవడ పన్ను నొప్పి లేచింది. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. తెల్లారేసరికి చెంప ఉబ్బిపోయింది. అత్తమ్మ నా మొహం చూసి తేల్చేసింది.

"గా ఎర్ర గోలీలతోనే పిల్లా. మస్తు వేడి అవి. మూత్రం ఎర్రగ వస్తాందంటివి గద. పన్ను తీపిచ్చుకునేదాంక ఆపు. లేకుంటే నెత్తురు ఆగదు."

మా ఇళ్లలో ఏ రోగం వచ్చినా వేడి చేసిందనో, చలవ చేసిందనో అంటారు. ఆ రంగు మందుదేనని, దానికి భయపడొద్దని ఆశా కార్యకర్త మొదటి రోజే చెప్పింది. అయినా చదువుకున్నదాన్నని పేరున్న నేను అత్తమ్మ మాటే విన్నాను. ఐదు రోజులు ఒక్క గోలీ మింగలేదు. దగ్గు మళ్లీ పెరిగింది.

ఇదే అత్తమ్మ పొద్దున్నే మందలోకి దిగి, దగ్గే గొర్రె కనబడితే వెనక కాలు పట్టి లాగి కంప అవతల కట్టేసేది. దాని నీళ్ల తొట్టి కూడా వేరు. నన్ను మాత్రం మూతికి కొంగు అడ్డం పెట్టుకొమ్మని చెప్పి బస్సెక్కించింది. ఆమెను అని ఏం లాభం, ఎక్కింది నేను.

రామన్నపేటలో అందరూ తెలిసినవాళ్లేనని నల్లగొండ దాకా పోయాను. నా ఖర్మ కొద్దీ అక్కడి పండ్ల దవాఖాన బెంచీ మీద మా ఊరి కిరాణా కొట్టామె కూర్చుని ఉంది. లోపలికి పిలిచినప్పుడు ఆమెకూ మాకూ మధ్య ఒక్క పరదా, అదీ సగం తెరిచే ఉంది. పండ్ల డాక్టరు నా వయసు ఆడమనిషి. అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది.

"బీపీ, షుగరు, ఆస్తమా, టీబీ లాంటివి ఏమైనా ఉన్నాయా? గోలీలేమైనా వాడుతున్నావామ్మా?"

పరదా అవతల కిరాణా కొట్టామె గాజుల చప్పుడు ఆగింది.

"ఏం లేదు మేడం."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నాకే ఆశ్చర్యం వేసింది.

మూతికి మాస్కులు ఇంకా ఎవరికీ అలవాటు లేని రోజులవి. ఆమె పల్చటి మాస్కు ఒకటి కట్టుకుంది, మాట్లాడినప్పుడల్లా కిందికి లాగేది. "ఏడో నెల నాకు, వంగడం కష్టంగా ఉంది, కొంచెం ఇటు జరుగమ్మా" అంది. జరిగాను. ఆమె వంగినప్పుడు కడుపు నా భుజానికి ఆనింది. పన్ను వేరు విరిగి గంట పట్టింది. ఆ గంటలో ఒకసారి లోపలి బిడ్డ కదలడం నా భుజానికి తెలిసింది. అప్పుడే నాకు దగ్గొచ్చింది. తెరిచిన నోరు, ఆపుకోలేకపోయాను. తుంపర ఆమె కళ్లద్దాల మీద పడింది. తుడుచుకుని, "ఏం కాదులే, నీళ్లు పుక్కిలించు" అంది.

రెండు రోజులకు ఆశా కార్యకర్త ఇంటికొచ్చింది. మిగిలిన గోలీలు చూసి, నన్ను సర్కారు దవాఖానకు పట్టుకుపోయింది. అక్కడి డాక్టరు సారు అరవలేదు, అరిచినా బాగుండేది.

"పన్ను కోసం టీబీ మందు ఆపొద్దమ్మా. ముందుగాల మాకు చెప్పాలె, పండ్ల డాక్టరుకు గూడ చెప్పాలె. ఆగే పనైతే, మందు సక్కగ పనిచేసి నీ దగ్గుతోని ఇంకొకరికి అంటుకోదని మేం చెప్పేదాంక ఆగుతరు. ఆగని నొప్పైతే వాళ్లు మంచి మాస్కు పెట్టుకుని, జాగ్రత్తలు తీసుకుని చూస్తరు. టీబీ మందు కాలేయం మీద పడుతది గనుక నొప్పి గోలీలు గూడ అది చూసి రాస్తరు." కాగితం మీది నుంచి తలెత్తి అడిగాడు. "పన్ను తీసినామెకు చెప్పినవా?"

"చెప్పిన సార్."

ఇది రెండో అబద్ధం. మొదటిది భయంతో ఆడాను. రెండోది ఎందుకాడానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు నిజం చెప్పి ఉంటే వాళ్లే ఆమెకు కబురు చేసేవాళ్లు, పరీక్షలు చేసేవాళ్లు.

మళ్లీ మొదలుపెట్టి ఒక్క పూట తప్పకుండా మింగాను. ఒళ్లు చేసింది, దగ్గు పోయింది. కానీ మిషను తొక్కుతుంటే ఉన్నట్టుండి కుడి భుజం మీద ఆ కదలిక తెలిసేది. కుట్టు ఆపి కూర్చునేదాన్ని. నిండు చూలాలు ఎవరైనా జాకెట్టు కొలతలకు వస్తే టేపు అత్తమ్మ చేతికిచ్చేదాన్ని. ఆ పండ్ల డాక్టరు ఇంట్లో పసిబిడ్డ దగ్గుతున్నట్టు నాకు వినబడేది.

జబ్బు నయమైందని సారు చెప్పిన రోజే నల్లగొండ పోయాను. ఆమె ఉంది. చిక్కిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, "వేరు విరిగిన పన్ను నీదే కదా, నొప్పి పోయిందా?" అని అడిగింది. ఈసారి నిలబడే చెప్పేశాను, టీబీ సంగతి, గోలీలు ఆపిన సంగతి, అంతా.

ఆమె తిట్టలేదు. "ఏ నెలలో వచ్చావు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. తర్వాత ఫోను తీసి వాళ్లమ్మకు చేసింది.

"అమ్మా, పాపకు ఆ దగ్గు తగ్గిందా?"

అవతలి మాట నాకు వినబడలేదు. ఆమె వింటూనే నన్ను బయట కూర్చోమని చేత్తో చూపించింది. నేను కూర్చోలేదు. మెట్లు దిగి బస్టాండుకు నడిచాను, వచ్చిన మొదటి బస్సెక్కాను. మళ్లీ ఎన్నడూ ఆ వీధిలోకి పోలేదు. ఆ పాప ఇప్పుడు బడికి పోతూ ఉండాలి. పోతోందనే అనుకుంటున్నాను.