సెయింటు పుట్టిన ఇంటికి, సిస్టరమ్మతోటి

నేను పుట్టినప్పుడు మా అమ్మ చావుదాక పోయివచ్చింది. చేవెళ్లల మాది కిరాణా దుకాణం. నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాకపోతే బాపు జీపు మాట్లాడి మొయినాబాద్‌ల ఉన్న మిషన్ దవాఖానకు తీస్కపోయిండట. అక్కడ కేరళ నుంచి వచ్చిన సిస్టరమ్మ, అమ్మ పక్కనుంచి కదలకుండ నన్ను బయటికి తీసింది. అప్పటిసంది ఆమె మా ఇంటి మనిషే. మామిడికాయ తొక్కు పెడితే మొదటి సీసా ఆమెకే పోయేది.

నాకు హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన కొత్తల, సిస్టరమ్మ వాళ్ల ఊరి దిక్కు పుట్టిన ఒక మఠకన్యను సెయింటుగ ప్రకటించిన్రు. పేపర్ల ఫొటో చూసి సిస్టరమ్మ ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకొని ఆ సెయింటు పుట్టిన ఇంటికి నడిచిపోయేదట. ఇప్పుడేమో మోకాళ్లు పట్టేసినయి, ఒక్కతే పోయే ఓపిక లేదు.

"నువ్వు తీస్కపో. నేను గూడ వస్త," అన్నది అమ్మ.

"మనకెందుకమ్మా? అది వాళ్ల దేవుడు గద!"

"నిన్ను పట్టుకున్నయి ఆమె చేతులే. దేవుని సంగతి నేను చూస్కుంట."

ముగ్గురం రైలెక్కినం.

పెద్ద గోపురం ఉంటదనుకున్నది అమ్మ. చూస్తే చిన్న పెంకుటిల్లు. జనం మాత్రం వాకిలి దాటి రోడ్డు మీద దాక నిలబడ్డరు.

"ఏం మహిమలు చేసిందీమె?" అని అమ్మ అడిగింది.

"బతికినన్నాళ్లు రోగమే. ఎవ్వరినీ ఒక్క మాట అనకుండ ఓర్చుకున్నది," అన్నది సిస్టరమ్మ.

"అంతేనా? అయితె మా వాడకట్టుల ఇంటికొక్క సెయింటు ఉన్నది!"

నాకు భయమైంది. సిస్టరమ్మ గోడ పట్టుకొని నవ్వింది.

సెయింటు పుట్టిన అర్రల సిస్టరమ్మకు మోకాళ్లు వంగలే. అమ్మ చంకల కింద చేతులేసి మెల్లగ కూసోబెట్టి, తను గూడ పక్కనే కూసోని పెదవులు కదిలించింది. ఏం మొక్కినవని బయటికొచ్చినంక అడిగిన.

"ఈమె మోకాళ్ల గురించి మొక్కిన. ఆ సెయింటు పేరు నాకు నోరు తిరగదాయె. 'బిడ్డా' అని పిలిచిన."

ఇంతల ఒక ముసలామె సిస్టరమ్మను గుర్తుపట్టి, చేతులు పట్టుకొని మలయాళంల ఏమో గబగబ అడిగింది. సిస్టరమ్మ తడుముకోకుండ, "మంచిగున్న అక్కా, నువ్వెట్లున్నవ్?" అన్నది, అచ్చం మొయినాబాద్ తెలుగుల. ముసలామె నోరు తెరిచి చూసింది. సిస్టరమ్మ నాలుక కర్సుకొని మళ్ల మలయాళంల మొదలువెట్టింది.

చేవెళ్లకు వచ్చినంక అమ్మ దుకాణంల అందరికి ముందు ఈ ముచ్చటే చెప్పింది. సెయింటు ముచ్చట ఆ తర్వాతనే.