ముక్కమ్మ ఆపిన లారీ

ఆ కవర్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. అందరికీ ఆమె ముక్కమ్మే. బిస్కెట్లకీ జ్యూసులకీ వేసే రంగురంగుల కవర్లు అక్కడ అచ్చవుతాయి. సిరాలో కలిపే ద్రావకం సరిగ్గా ఆరకపోతే కవర్లోనే దాక్కుని, మెల్లగా తిండిలోకి దిగుతుంది. కంటికి కనపడదు. అందుకే కవరు ముక్కని గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, గంటసేపు వేడిచేసి, మూత తీసి వాసన చూడాలి. పన్నెండేళ్లుగా ముక్కమ్మ ఉద్యోగం అదే.

నవ్వకండి, దానికి బోలెడు నిష్ఠ కావాలి. ఆమె ఇంట్లో సెంటు లేదు, ఘాటు సబ్బు లేదు. అత్తగారు మోకాళ్లకి మందు రాసుకోవాలంటే గుమ్మం బయట కూర్చోవాల్సిందే. "నా ఇంట్లో నాకే దేశబహిష్కారం" అని ఆవిడ దారిన పోయేవాళ్లందరికీ చెప్పుకునేది.

పది రోజులుగా ఆ ముక్కుకి పూనకం వచ్చింది. పక్కింట్లో పాలు మాడితే ఈమెకి బస్టాపులో తెలుస్తోంది. కారణం ఆమెకీ భర్తకీ మాత్రమే తెలుసు. పెళ్లైన పదకొండేళ్లకి, మూడో నెల! కాళ్లు నేల మీద ఆనడం లేదు. మెట్లెక్కుతూ తనలో తనే నవ్వుకుంటోంది. కానీ ఫ్యాక్టరీలో చెబితే సీసాల దగ్గర ఉండనివ్వరు. ఆ కుర్చీ అంటే ఆమెకి ప్రాణం. ఒకసారి లేస్తే మళ్లీ ఇస్తారన్న నమ్మకం లేదు. అందుకని నోరు కుట్టేసుకుంది.

ఆ సోమవారం పసిపిల్లల బిస్కెట్ల కవర్లు వచ్చాయి. మూత తీయగానే ఆమె ముఖం తిప్పుకుని సీసాని దూరంగా నెట్టింది.

"ఇవి పంపడానికి వీల్లేదు."

ఆమెతోపాటు వాసన చూసే మిగతా ముగ్గురమ్మాయిలూ వంతులవారీగా చూశారు. "మాకేం రావట్లేదక్కా" అన్నారు.

కింద లారీ సిద్ధంగా ఉంది. మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. "నిన్న నా బూట్లు కంపన్నావు, మొన్న తలుపు కంపన్నావు. నీ ఒక్కదాని మాట మీద లారీ ఎలా ఆపనమ్మా?"

"నమ్మకపోతే పరీక్ష పెట్టండి సార్."

పెట్టారు. మూడు సీసాలు. రెండింట్లో పాత మంచి కవరు, ఒకదాంట్లో ఈ కొత్తది. ఆమె గోడవైపు తిరిగితే వీళ్లు సీసాలు తారుమారు చేశారు. "ఇది" అంది. మళ్లీ మార్చారు. మళ్లీ "ఇదే" అంది. మూడోసారి మేనేజరు మహా తెలివిగా మూడింట్లోనూ పాతవే పెట్టాడు. ముక్కమ్మ మూడూ చూసింది. "ఏంటి సార్, ఆటలా? అది మీ వీపు వెనకాల ఉంది." గది గొల్లుమంది.

పరుగెత్తుకెళ్లి చూస్తే, అచ్చు మిషన్లో సిరా ఆరబెట్టే ఫ్యాను ఒకటి ఆగిపోయి ఉంది. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ముక్కమ్మ కుర్చీ చుట్టూ అమ్మాయిలు గంతులేశారు, ఎవరో ఆమె ముక్కుకి దండం పెట్టారు.

"అయినా ఇంత కొంచెం దానికి ఏమవుతుందమ్మా?" అన్నాడు మేనేజరు, ఓడిపోయిన ఉక్రోషంతో.

"ఒక్కరోజు తిని ఊరుకుంటారా సార్? పసివాళ్లు. రోజూ కొంచెం, రోజూ కొంచెం..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. రోజుకి ఇరవై సీసాలు తనూ పీలుస్తోంది. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది. ఎవరి పిల్లలకో అన్నం పెట్టే తల్లిలా లారీని ఆపింది కదా, మరి తన బిడ్డకి? సిగ్గేసింది, భయమేసింది, ఇంత మొద్దునా అని నవ్వు కూడా వచ్చింది.

లేచి, కుర్చీని పక్కనున్న అమ్మాయి వైపు జరిపింది. "నువ్వు కూర్చోవే. నాకు మూడో నెల."

ఆ మాటకి లేచిన గోలకి కింద వాచ్‌మన్ పైకి పరుగెత్తుకొచ్చాడు. ఆ గోలలోంచే ముక్కమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి, తలుపులు బార్లా తెరిచి, ఇద్దరికీ సరిపడా గాలి పీల్చుకుంది.