సింహాచలం నిలబడే మూల

మా చిన్నప్పుడు... మా చెడుగుడు క్లబ్బులో చేరాలంటే ఇంటి వాకిట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి బరిలో కలపాలి. మానేసిన రోజున మళ్ళీ గుప్పెడు తీసుకుపోవాలి. ఆమదాలవలస దగ్గర, నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఆ క్లబ్బు పెట్టింది మా పెదనాన్నే. ఆటకి ఆలస్యమైతే ఊరుకునేవాడు గానీ మట్టి దగ్గర మహా చండశాసనుడు.

నేను పుట్టకముందు ఎడమ మూలలో సింహాచలం అనే ఆటగాడు ఉండేవాడట. కూతకొచ్చినవాడి చీలమండ చేతికి దొరికిందా, ఇక వదిలేవాడు కాదట. ఓ ఏడు వరదలో గేదె కోసం ఏటిలోకి దిగాడు. గేదె వచ్చింది... అతను రాలేదు. శవమూ దొరకలేదు.

అతని మట్టి తీసి ఇంటికి ఇవ్వబోతే వాళ్ళమ్మ రాములమ్మ అడ్డం నిలబడిందట. మట్టి తీస్తే కొడుకు ఇక రాడని ఒప్పుకున్నట్టే కదా... అందుకని. అప్పటినుంచీ మా క్లబ్బు ఏడుగురికి బదులు ఆరుగురితోనే ఆడేది. ఎడమ మూల సింహాచలానిది. ఎర్రటి ఎండల్లో కూడా ఆ మూల కాస్త తడిగానే ఉండేది. బంకమట్టి, అంతే అనేవాడు పెదనాన్న. అంటూనే అటు కాలు పెట్టేవాడు కాదు!

రాములమ్మ రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేది. ఆట చూసేది కాదు... రోడ్డు చూసేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఆడపిల్లల జట్టు తయారైంది. పాతపట్నం నుంచి ఓ జట్టు ఆడటానికి వచ్చింది. ఏప్రిల్ నెల, నాలుగింటి ఎండ... వాళ్ళ పిల్ల ఒకతి కూత పెడుతూ నా మీదికొచ్చింది. భలే చలాకీది. వెనక్కి వెనక్కి జరిగి, చూసుకోకుండా ఆ మూలలోకి వెళ్ళిపోయాను. మావాళ్ళంతా బిగుసుకుపోయారు. నేను మాత్రం వదల్లేదు, దాని కుడికాలు దొరకబుచ్చుకున్నాను. ఒక్క కాలే. రెండో కాలితో తన్ని పారిపోవచ్చు. పోలేకపోయింది. కిందపడి గింజుకుంది, కూత ఆగిపోయింది.

లేచాక ఏడుస్తూ నన్నే అడిగింది.

"ఈ కాలు నువ్వు పట్టావు. ఆ కాలు ఎవులు పట్టారు?"

నా పక్కన ఎవరూ లేరు. దాని ఎడమ చీలమండ చుట్టూ తడి మట్టి, నాలుగు వేళ్ళ అచ్చు.

రాములమ్మ గట్టు దిగి వచ్చింది. ఆ పిల్ల కాలు చెంగుతో తుడిచి, చెంగు వాసన చూసుకుంది. తర్వాత పెదనాన్న వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ రోడ్డుకేసి సూత్తన్నాను... ఆడిక్కడే ఉన్నాడు. ఇంటికి తీసుకుపోతాను బాబూ."

గుప్పెడు మట్టి చెంగున మూటకట్టుకుని, పక్కన ఎవరో నడుస్తున్నట్టు కాస్త చోటు వదిలి, మెల్లిగా వెళ్ళింది. మర్నాటికి ఆ మూల ఎండి బీటలు వారింది.

ఇప్పుడు క్లబ్బు లేదు. బరి మీద ధాన్యం గోడౌను లేచింది. పెళ్ళయి విజయనగరం వచ్చేటప్పుడు హడావిడిలో నా మట్టి తీసుకోవడం మర్చిపోయాను... కోతలయ్యాక, అక్కడ బస్తాలు దింపే రోజుల్లో ఇక్కడ నా కాళ్ళు బరువెక్కుతాయి. డాక్టరేమో ఏమీ లేదంటాడు.

ఊరు విడిచేటప్పుడు మీరేం మర్చిపోయారో రాయండి... సింహాచలాన్ని తీసుకుపోవడానికి రాములమ్మ ఉంది. ఆ గోడౌను కింద నేనున్నానని ఎవరికి తెలుసు?