రెండో తాడు

కెల్సో ఫెర్రీలో మా బేస్‌బాల్ మైదానం జెండా కర్రకి రెండు తాళ్లుండేవి. ఒకటి దేశం జెండాకి. రెండోది దేనికని కొత్తవాళ్లెవరైనా అడిగితే మా ఊరివాళ్లు గొంతు సవరించుకుని వాతావరణం గురించి మాట్లాడేవారు. లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకి ఒక జెండా ఇస్తారు, మరుసటి ఏడాదంతా అది వాళ్ల మైదానంలో ఎగురుతుంది. ఆ జెండా ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా మా ఊరి మొహం చూడలేదు.

ఆ రెండో తాడు కట్టినవాడు ఆర్లో ట్వెట్. 1927లో జట్టు పుట్టిన ఏడాదే మైదానం చూసుకునే పనిలో చేరాడు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ నేలకేసి చూస్తూ నడిచేవాడు, ఎదురుపడ్డవాళ్లని బూట్లని బట్టి గుర్తుపట్టేవాడు. ప్రతి ఏప్రిల్‌లోనూ నిచ్చెనెక్కి ఆ తాడు విప్పి కొత్తది వేసి, గిలకకి నూనె పెట్టి దిగేవాడు.

"ఒక్కసారీ వాడని తాడు మార్చడమేంటయ్యా? డబ్బులెక్కువయ్యాయా?" అనేది భార్య హెట్టీ.

"వాడితేనే చీకుతుందా? ఎండకీ వానకీ చీకదూ?" అనేవాడు ఆర్లో. అంతకు మించి ఆ తాడు గురించి అతని నోట ఎవరూ వినలేదు.

మా ఊరు గుండీల ఊరు. నదిలో ఆల్చిప్పలు ఏరి, ఫ్యాక్టరీలో చిల్లులు కొట్టి, చొక్కా గుండీలు చేసి దేశమంతా పంపేవాళ్లం. అందుకని జట్టుకి 'గుండీలు' అని పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టిన పెద్దమనిషికి ముందుచూపు లేదు. ఏ ఊరెళ్లినా "గుండీ ఊడిందిరోయ్!" అని ఒకటే అరుపు. అరిస్తే అరిచారు, నిజంగానే ఊడేది. ఎనిమిది జట్ల లీగ్‌లో ఏడో స్థానం వచ్చిన ఏడాది మేం వీధిలో బాజా వాయించుకున్నాం.

అన్నిటికంటే ఎక్కువ అరిచేది ఓరియన్ వాళ్లు. నదికి పదిమైళ్ల ఎగువన పిండిమిల్లుల ఊరు అది. 1934లో వాళ్లతో ఆట ఉన్న రోజు పొద్దున్నే ఆర్లో మైదానానికి వచ్చేసరికి, రెండో తాడుకి కర్ర చివరిదాకా ఎక్కించిన ఒక లాగు ఎగురుతోంది. ఒక్క గుండీ లేని పాత లాగు. ఆ పని చేసింది బర్ట్ స్లోకమ్ అని వాళ్ల కుర్ర ఆటగాడు. కంచె అవతల నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. మా జనం కూడా నవ్వారు, అబద్ధమెందుకు. ఆర్లో మాత్రం లాగు దించి, చింపకుండా, నలపకుండా నాలుగు మడతలు పెట్టి పనిముట్ల గదిలో పై అరలో దాచాడు.

అప్పటినుంచీ ఆర్లోకి నేలే ఆయుధం. మా వాళ్లు నెమ్మదిగా కొట్టే బంతి గీత దాటి వృథా పోకుండా గీత పక్కన కాస్త వాలు పెట్టేవాడు. ఎదుటి జట్టు బలంగా కొట్టేదైతే గడ్డి కొయ్యకుండా వదిలేసేవాడు, బంతి దాంట్లో పడి నిద్రపోయేది. అన్నిటికంటే పెద్ద విద్య నీళ్లు. పిచ్చర్ బంతి విసిరే క్షణంలో ఫస్ట్ బేస్ మీదున్నవాడు సెకండ్ బేస్‌కి దూసుకుపోతాడు చూడండి, బేస్ దొంగిలించడం అంటాం. అలాంటి దొంగ ఎదుటి జట్టులో ఉంటే ముందురోజు సాయంత్రం ఫస్ట్ బేస్ పక్కన ఆర్లో గొట్టం పట్టేవాడు. మర్నాడు దొంగగారి కాలు బురదలో దిగేది. "ఇది మోసం కాదటయ్యా?" అంటే, "నీళ్లు ఎంత పొయ్యాలో రూల్ పుస్తకంలో ఉందా? చూపించు" అనేవాడు. పుస్తకంలో నిజంగానే లేదు.

ఇక 1949. మే నెలలో మొదటి పదకొండు ఆటల్లో తొమ్మిది ఓడిపోయి మేం మా మామూలు చోట స్థిరపడ్డాం. జట్టు మేనేజరూ క్యాచరూ ఒకడే, లెస్ కోఫాల్ట్. క్యాచరంటే కొట్టేవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు; దొంగ పరిగెడితే సెకండ్ బేస్ దగ్గరున్న మనవాడికి బంతి విసరాలి, వాడు దాంతో దొంగని తాకితే ఔట్. ముప్పై ఎనిమిదేళ్లవాడు. కూర్చుంటే మోకాళ్లూ, విసిరితే భుజమూ పలికేవి. జూన్‌లో ఏమైందో, ఏ తల్లి దీవించిందో, వరసగా ఎనిమిది గెలిచారు. ఒకటి ఓడి మళ్లీ ఆరు గెలిచారు. గెలిచిన ప్రతి సాయంత్రం ఫ్యాక్టరీ కూత వేయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు అట్టలకి గుండీలు కుడుతూ రేడియో వినేవారు, మా వాడు బంతి గట్టిగా కొడితే సూది గాల్లోనే ఆగిపోయేది. ఆగస్టుకి ఓరియన్ వెనకే మేం, మా ముందే ఓరియన్. ఎవరూ 'జెండా' అనే మాట ఎత్తలేదు. ఎత్తితే దిష్టి తగులుతుందని భయం. ఆర్లో ఆ నెలలో నిచ్చెనేసుకుని గిలకకి రెండోసారి నూనె పెట్టాడు. ఊరంతా చూసింది, ఊరంతా చూడనట్టు నటించింది.

ఆఖరి ఆదివారం ఆఖరి ఆట మా మైదానంలో, ఓరియన్‌తోనే. లెక్క తేలిక. ఆడి గెలిస్తే జెండా మాది. ఓడినా, అసలు ఆటే జరగకపోయినా వాళ్లది. వాళ్ల మేనేజరు ఇప్పుడెవరనుకున్నారు? లాగు ఎగరేసిన బర్ట్ స్లోకమే. వాళ్ల దొంగ జూన్‌బగ్ టాలివర్ ఆ ఏడాది అప్పటికే డెబ్బై మూడు బేసులు దొంగిలించాడు.

"రేపు వాడి కాళ్లకి సంకెళ్లు పడాలి ఆర్లో," అన్నాడు లెస్ శనివారం సాయంత్రం.

"పడతాయి," అని ఆర్లో రెండు గంటలు గొట్టం పట్టాడు. ఎప్పుడూ పట్టేదానికి రెట్టింపు. వాన రాదని రేడియో చెప్పింది మరి.

తెల్లవారుజామున వాన వచ్చింది.

పెద్ద వానేం కాదు. పొద్దున తొమ్మిదికల్లా మైదానమంతా నీళ్లు ఇంకిపోయి ఆటకి సిద్ధంగా ఉంది, ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య ముక్క తప్ప. ఆర్లో ముందే తడిపి పెట్టిన ముక్క అది. చీలమండలోతు బురద. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఆర్లో తన గోతిలో తాను పడటమే కాదు, వెంట ఊరినంతటినీ లాక్కుపోయాడు.

అంపైర్ గారిటీ వచ్చి బూటు పెట్టాడు. బూటు దిగబడింది. ఆయన భారీ మనిషి, మాట తక్కువ.

"ఒంటిగంటకి మళ్లీ వస్తాను. అప్పుడూ దిగబడితే ఆట లేదు."

స్లోకమ్ నవ్వు దాచుకోలేదు. "ఏం వానయ్యా ఇది ఆర్లో! ఎంత తెలివైందో చూశావా? సరిగ్గా ఈ ముక్క మీదే గురిపెట్టి కురిసింది!"

ఆర్లో పెట్రోలు డబ్బా తెచ్చి బురద మీద పోసి నిప్పంటించాడు. నల్లటి పొగ లేచింది. మంట ఆరాక చూస్తే పైన రొట్టె పెంకులా ఎండి, లోపల అదే బురద. దంతె పక్కన పారేసి చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన రోజు వస్తే, దాన్ని తన చేతుల్తోనే నీళ్లలో ముంచాడు. తన వల్ల పోయిందన్న మాట చచ్చేదాకా మోయాలి. ఏం చెయ్యాలో తోచక, బురద కాళ్లతోనే చర్చికి నడిచాడు. హెట్టీ అక్కడుంది.

లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక మెట్ల మీద నిలబడ్డాడు. కిటికీలోంచి చూసి ఆవిడే బయటికి వచ్చింది.

"ఏమైంది? ఆ మొహమేంటి?"

"జెండా పోయింది హెట్టీ. నేనే పోగొట్టాను. నిన్న నేను నీళ్లు పెట్టకపోతే ఈపాటికి నేల ఆరిపోయేది. ఊరికి ఏం చెప్పుకోను?"

హెట్టీ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లింది. పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఉన్నారు. "క్షమించండి పాస్టర్ గారూ," అని నడిమధ్యన నిలబడి గొంతెత్తింది. "మా ఆయన నిన్న ఫస్ట్ బేస్ పక్కన చాటుగా నీళ్లు పెట్టాడు. దాంతో బురదైంది. ఒంటిగంటకల్లా ఆరకపోతే జెండా ఓరియన్‌కి పోతుంది."

వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "చాటుగానా? పదేళ్లనుంచి మా పిల్లలు కంచె ఎక్కి చూస్తున్నారుగా!"

చర్చి మొత్తం నవ్వింది. పాస్టర్ గారు నవ్వాపుకుని పుస్తకం మూసేశారు. "నా ప్రసంగం వచ్చేవారం దాకా ఆగగలదు. ఆట ఆగదు. పదండి."

"ఎక్కడికి?" అన్నాడు ఆర్లో గుమ్మంలో, బిక్కమొహం వేసుకుని.

"ఫ్యాక్టరీ వెనక్కి. ఇరవయ్యేళ్లుగా మా ముక్కుల్లో దూరుతున్న ఆ చిప్పల పొడి ఇన్నాళ్లకి ఓ మంచి పనికొస్తుంది," అంది హెట్టీ.

గుండీలు కోసినప్పుడు రాలే తెల్లటి పొడి ఫ్యాక్టరీ వెనక కొండలా పేరుకుని ఉంటుంది. తడి తగిలితే చాలు, పీల్చేసి గట్టిపడుతుంది. మా ఆడవాళ్లు ఏళ్లతరబడి దాన్ని తిట్టుకుంటూ దగ్గారు. ఆ రోజు అదే పొడిని ఆదివారం బట్టల్లో ఉండగానే బకెట్లలో, టోపీ పెట్టెల్లో, పిల్లల తోపుడుబళ్లలో ఎత్తుకుని మైదానానికి మోశారు. మగాళ్లు బురద ఎత్తి పారపోశారు. ఆర్లో మధ్యలో నిలబడి అరిచాడు: "పల్చగా! పల్చగా వెయ్యండమ్మా, గోడ కట్టట్లేదు! తొక్కండి! ఇంకో పొర!" జనం మోకాళ్ల మీద కూర్చుని అరచేతుల్తో చదును చేశారు. పాస్టర్ గారు రోలర్ లాగారు.

ఒంటిగంటకి గారిటీ వచ్చి బూటు పెట్టాడు. దిగబడలేదు. మడమతో పొడిచాడు. ఆఖరికి అంత మనిషీ రెండు కాళ్లూ ఎత్తి గెంతాడు. నేల కదల్లేదు.

"ఆట ఉంది," అన్నాడు. జనం అరిచిన అరుపులకి నది మీద పక్షులు లేచిపోయాయి. స్లోకమ్ మొహం చూడాలి అప్పుడు!

ఆట మొదలవడానికి కాస్త ముందు లెస్ నీళ్ల బకెట్‌తో పనిముట్ల గదికి వచ్చాడు.

"ఒక్క బకెట్ ఆర్లో. ఫస్ట్ బేస్ పక్కన చల్లెయ్. దుమ్ము అణచడానికి అనుకుంటారు. ఈ గట్టినేల మీద జూన్‌బగ్‌ని దేవుడు కూడా పట్టలేడు."

ఆర్లో బకెట్ అందుకున్నాడు. నీళ్లు తలుపు పక్కన పారబోశాడు.

"ఊరంతా మోకాళ్ల మీద కూర్చుని పూడ్చిన నేల లెస్ అది. దాని మీద నీళ్లు పోస్తే వాళ్ల మొహాన పోసినట్టే."

"మరి వాడు పరిగెడితే?"

"నువ్వు విసురు."

"నా భుజం సంగతి నీకు తెలుసు."

"తెలుసు. అయినా విసురు."

బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా లేవలేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు ముందుకొచ్చాం. ఆఖరిదైన తొమ్మిదో దాంట్లో మాకు మూడు పరుగులు, వాళ్లకి రెండు, ఓరియన్‌లో ఇద్దరు ఔట్, ఇంకొక్కడు చాలు. ఆ ఒక్కడు జూన్‌బగ్. కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. ఇప్పుడు సెకండ్ దొంగిలించాడంటే, తర్వాతి చిన్న దెబ్బకి స్కోరు సమానం. మైదానంలో ఎవరూ కూర్చుని లేరు, బకెట్ మీద ఆర్లో తప్ప.

మూడో బంతికి జూన్‌బగ్ కదిలాడు. ఆర్లో ఎప్పటిలా కాళ్లే చూశాడు. ఆ కాళ్లు తన నేల మీద జారకుండా, దిగబడకుండా పరిగెత్తడం అతను చూడటం అదే మొదలు. అడుగడుక్కీ తెల్లటి పొడి చిన్న మేఘంలా లేస్తోంది. అబ్బ, ఎంత బాగా పరిగెడుతున్నాడు అనుకున్నాడు, అనుకుని భయపడ్డాడు. లెస్ లేచి, ఒళ్లంతా విసిరినట్టు బంతి విసిరాడు. 'అమ్మా' అన్న కేక బంతి కంటే ముందు వినబడింది. సెకండ్ బేస్ తెల్లటి దుమ్ములో మాయమైంది.

దుమ్ము అణిగేదాకా అక్కడి అంపైర్ కూడా ఆగాడు. బంతి మా వాడి చేతిలో ఉంది. చెయ్యి జూన్‌బగ్ బూటు మీద ఉంది. బూటుకీ బేస్‌కీ మధ్య జానెడు నేల.

అంపైర్ పిడికిలి పైకి లేచింది. ఔట్!

ఫ్యాక్టరీ కూత అరగంట ఆగలేదు. ఆ విసురుతో లెస్ భుజం పని అయిపోయింది, మళ్లీ ఆడలేదు. పోతే పోయింది, సరైన చోట ఖర్చుపెట్టాను అని నవ్వేవాడు. ఆర్లోని జనం భుజాల మీదకి ఎత్తారు. అంత ఎత్తునుంచి నేల కనబడక అతను కంగారు పడ్డాడు. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. మేమూ ఏడ్చాం.

మరుసటి మేలో తొలి ఆటకి, రెండో స్థానం వచ్చినవాళ్లే రావాలన్న ఆనవాయితీ ప్రకారం, ఓరియన్ వాళ్లే వచ్చారు. జెండా ఎక్కేటప్పుడు రెండు జట్లూ టోపీలు తీసి వరసగా నిలబడాలి. స్లోకమ్ కూడా తీసి నిలబడ్డాడు. ఆర్లో రెండో తాడు లాగాడు. ఇన్ని ఏప్రిల్‌ల నూనె తాగిన గిలక కిర్రుమని కూడా అనలేదు. నీలం జెండా కర్ర చివరికి చేరి, నదిగాలికి విప్పుకుంది. ఆర్లో తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత పనిముట్ల గదిలోకి వెళ్లి ఒక కాగితం పొట్లం తెచ్చి స్లోకమ్ చేతిలో పెట్టాడు. స్లోకమ్ విప్పాడు. పదహారేళ్ల నాటి లాగు. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. హెట్టీ దానికి మొదటిరకం ఆల్చిప్ప గుండీలు ఐదు కుట్టింది.

స్లోకమ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఇది... ఇప్పుడు నాకు పట్టదు ఆర్లో."

"తొడుక్కోడానికి కాదులే బర్ట్," అన్నాడు ఆర్లో. "మీ ఊళ్లో జెండా కర్ర ఈ ఏడాది ఖాళీగా ఉందని విన్నాను."