గోళీ ఉన్నవాడిదే బండి

మా అపార్టుమెంటు కింది అంతస్తులో ఎవరో కొత్తగా ఇల్లు సర్దుకుంటున్నారు. నాలుగు రోజులుగా వడ్రంగి మిషను రొద ఆగడం లేదు. ఈ మధ్యాహ్నం వాన పడి, గేటు పక్కన పోసిన రంపపు పొట్టు తడిసింది. ఉప్పల్ వెళ్లి కూరగాయలు తెచ్చి బండి దిగుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. పీర్జాదిగూడలో ఇలాంటి పని రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తడి పొట్టు వాసన వస్తే నాకు గడ్డి గుర్తుకొస్తుంది. గడ్డితో పాటు సత్తయ్య సార్ గుర్తుకొస్తారు.

నాచారంలో మేము అద్దెకున్న ఇంటి యజమాని ఆయన. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒంటి లైను మీద, రోజుకు నాలుగైదు బళ్లు ఆగే చిన్న స్టేషన్లలోనే గడిచిందట. కింద ఆయన, భార్య లలితమ్మ గారు, కొడుకు శీను కుటుంబం ఉండేవారు. పైన మేము. మా పైన డాబా మీద ఒక రేకుల గది. చేరిన మొదటి ఆదివారం బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. నేల మీద పేపర్లు పరిచి, ఆకుపచ్చటి పొడి ఏదో ఆరబోసి ఉంది. చూసుకోకుండా దాని మీద కాలు వేశాను.

“ఓ సారూ, జర కిందికి సూడు,” అని గదిలోంచి గొంతు వినిపించింది. “రెండెకరాల గడ్డి మీద నిలవడ్డవ్.”

రంపపు పొట్టుకు రంగు కలిపి ఆరబెట్టిన గడ్డి అది. కంగారుగా పక్కకు జరిగి క్షమించమన్నాను. “ఏం ఫికర్ లేదు. బర్లు మేసినయనుకుంట,” అంటూ తలుపు పూర్తిగా తెరిచారు.

లోపల గది నాలుగు గోడలనూ ఆనుకుని నడుం ఎత్తున ఒక బల్ల. దాని మీద బొమ్మ రైలు పట్టాలు, రెండు స్టేషన్లు, వాటి మధ్య మౌలాలి గుట్టను పోలిన ఒక గుట్ట, గుట్ట వెనక వంతెన. రాళ్లు థర్మోకోలువి. పైన ప్లాస్టర్ పూసి, చిక్కటి టీ డికాక్షన్ పోసి రంగు తెచ్చారు. చింతచెట్ల కొమ్మలు ఎండిన కలుపు మొక్కల వేళ్లు, ఆకులు పాత సోఫా స్పాంజి. ఆ స్పాంజిని పొడి చేసిన తీరు గురించి లలితమ్మ గారు నాకు చాలాసార్లు చెప్పారు. “నా మిక్సీల తిప్పిండు బిడ్డా. ఆ వారం చట్నీ పచ్చగెందుకున్నదో మేమెవ్వలం అడుగలే.” సార్ ఏ రైలు పెట్టెనూ కొత్తగా ఉండనిచ్చేవారు కాదు. కొన్న పెట్టె కొన్నట్టే పట్టాల మీద పెడితే ఆయనకు నచ్చేది కాదు. నీళ్లలా పలచగా కలిపిన గోధుమ రంగు పూసి, తుడిచి, మళ్లీ పూసి, ఎండకూ దుమ్ముకూ తిరిగినట్టు చేసేవారు. “కడిగినట్టున్న గూడ్సు పెట్టె ఏడన్న సూసినవా నువ్వు?” అని అడిగేవారు.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చిన్న టీముకు లీడర్ని. ఆదివారం ఆ గదిలోకి వెళ్లడం మెల్లగా అలవాటైంది. ఆయన నాలుగేళ్లుగా ఒక ఆవిరి ఇంజను కడుతున్నారు. అట్టపెట్టెలో విడి ఇత్తడి ముక్కలుగా వచ్చిన ఇంజను అది. ఒక్కో ముక్కనూ ఆకురాయితో రుద్ది, సరిచూసి, సీసం కరిగించి మాటు వేసి అతకాలి. ఒక వారం చిన్న పని నాకిచ్చారు. బాయిలరు పక్కన వెంట్రుకంత సన్నటి పట్టుకమ్మీ అతకడం. అతికాను. కాస్త వంకర పోయింది. ఆయన బొటనవేలితో తడిమి, “వంకరున్నది,” అన్నారు.

“రంగు వేశాక కనపడదు సార్.”

“కనవడదు. ఉంటది,” అని వేడెక్కిన మాటుకడ్డీ నా చేతికే ఇచ్చారు, ఊడదీయమని. ఆ మాట అప్పుడే నాలో దిగి ఉంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ గదిలో రైళ్లు నడిపే పద్ధతి ఆయన సొంతం. రెండు స్టేషన్ల మధ్య లలితమ్మ గారి పాత చీర అడ్డం కట్టారు. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. ఒకరికొకరు కనపడరు. ఎవరి ఇంజను వారి కంట్రోలరుకే పలుకుతుంది. మధ్యలో ఉన్నది ఒకటే లైను కనుక రెండు బళ్లు ఒకేసారి దాని మీదికి రాకూడదు. దానికి ఒక ఇనుప గోళీ ఉండేది, సైకిలు షాపులో దొరికే బేరింగు గోళీ. అది ఎవరి దగ్గర ఉంటే వారే బండి పంపాలి. పంపేవారు ముందు తమ పక్కనున్న గంట ఒకసారి కొట్టాలి. అవతలివారు లైను చూసుకుని రెండు గంటలు కొడితే, రమ్మని అర్థం. అప్పుడు గోళీని ఇంజను వెనక పెట్టెలో వేసి పంపాలి. అందుకున్నవారు దాన్ని తీసి తమ పక్కనున్న కుంకుమ బరిణెలో వేసుకుంటారు. తర్వాతి బండి వారిది. ప్రతి రాకపోకా ఒక రిజిస్టరులో ఎక్కాలి. ఎడమ వైపు ఆయన రాసేవారు, కుడి వైపు నేను.

“చీర తీసేస్తే కళ్లతో చూసే పంపొచ్చు కదా సార్?” అని మొదట్లో అడిగాను.

“కండ్ల వడ్డంక పంపుడు ఎవనికైనా వస్తది. మాట మీద పంపుడే రైల్వే,” అన్నారు.

ఆయన ఇంజను పూర్తయిన నెలలోనే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. చుక్కల మందు వేసుకుంటూ, నల్లద్దాలు పెట్టుకుని, తర్వాతి ఆదివారం నుంచే డాబా ఎక్కేవారు. శీనుకు అది ఇష్టం లేదు. “నాన్నా, ఆ మెట్లు, ఆ కరెంటు వైర్లు… కన్ను గట్టివడేదాక ఆగరాదే,” అని పోరేవాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పొద్దున మా మేనేజరునూ, ఇద్దరు ఆఫీసు స్నేహితులనూ పిలిచాను. ఆ బల్ల నాదే అన్నట్టు చూపించాలని నా సరదా.

సార్ చీర అవతల కూర్చున్నారు. నేను గుట్టనూ చింతచెట్లనూ చూపిస్తూ మాటల్లో పడ్డాను. అటునుంచి ఒక గంట మోగింది. మాట ఆపకుండానే చెయ్యి చాచి రెండు గంటలు కొట్టేశాను. లైను చూడలేదు. ఏం కొట్టానో కూడా ఆలోచించలేదు. అప్పుడే మేనేజరు, “ఏంటి ప్రసాద్, నీ రైలు కదలదా? నిలబెట్టే చూపిస్తావా?” అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కన బరిణె ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని నాకు కనపడింది కూడా. ఈ ఒక్క విషయం దగ్గర నన్ను నేను ఏ రకంగానూ సమర్థించుకోలేను. గుట్ట దాకా పంపి ఆపేద్దాంలే అనుకుని నేను నడిపే డీజిలు ఇంజను నాబ్ పూర్తిగా తిప్పాను.

రెండూ వంతెన మీద గుద్దుకున్నాయి. నా డీజిలు పట్టా తప్పి ఒరిగింది. ఆయన ఇత్తడి ఇంజను బల్ల అంచు దాటి నేల మీద పడింది. పొగగొట్టం ఒక మూలకు, చక్రాల జత ఇంకో మూలకు పోయాయి. చప్పుడు విని శీను మెట్లు ఎక్కి వచ్చాడు. నేల మీద ఇంజనును, చీర పక్కన నల్లద్దాలతో నిలబడ్డ తండ్రినీ చూశాడు.

“సూసినవా? నేనేం జెప్తున్న ఇన్ని దినాలసంది? కండ్లు కనవడ్తలేవు నీకు!”

నా మేనేజరు నా పక్కనే ఉన్నాడు. “సార్ బండి కూడా అదే టైముకి వచ్చేసింది శీనూ,” అన్నాను. “పాపం, కన్ను ఇంకా కుదురుకోలేదు కదా…” వాక్యం పూర్తి చేయకుండా ఆపేశాను. పూర్తి చేయాల్సిన అవసరం లేకపోయింది.

సార్ మోకాళ్ల మీద వంగి, బల్ల కింద చేత్తో తడిమి, దొర్లిపోయిన గోళీని వెతికి పట్టుకున్నారు. ఒకసారి నా వైపు చూశారు. గోళీని చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే శీను గదికి తాళం వేశాడు. సార్ అడ్డు చెప్పలేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, కింద వరండాలో కుర్చీలో కూర్చునేవారు. ఆఫీసుకు వెళ్తూ నేను నమస్కారం పెడితే, “మంచిదే?” అని పలకరించేవారు, అంతే. ఇవాళ చెప్పాలి, రేపు చెప్పాలి అనుకుంటూ మూడు నెలలు ఆయన ముందు నుంచే నడిచి వెళ్లాను. ఆ తర్వాత పీర్జాదిగూడలో మా ఫ్లాటు సిద్ధమైంది. ఇల్లు మారిన రోజు నా మనసుకు కలిగిన హాయి ఎలాంటిదో ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగు నెలలు గడిచాయి. ఆఫీసులో నా తొందరవల్ల ఒక పని చెడింది. సరిచూడకుండానే కోడు పంపించేయమని మా టీములోని సుజాతకు చెప్పింది నేనే. మీటింగులో పై అధికారి అడిగితే, “సుజాత వైపు నుంచి కోడు కూడా అదే టైముకి వచ్చేసింది,” అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. తడుముకోవాల్సిన పని లేకుండా, తయారుగా ఉన్నట్టు వచ్చింది. బయటికొచ్చాక ఆ అమ్మాయి అడిగింది. “సార్, మీరు పంపమంటేనే కదా పంపాను. మీకు గుర్తుంది కదా?” కోపంగా అనలేదు, నిజంగానే నాకు గుర్తుందో లేదో అన్నట్టు అడిగింది. తిరిగి లోపలికెళ్లి, పంపమన్నది నేనేనని చెప్పాను. బండి తీసి నేరుగా నాచారం పోయాను.

సార్ అదే కుర్చీలో ఉన్నారు. పక్కన లలితమ్మ గారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, ఆ రోజు గోళీ నా దగ్గర లేదు. రెండు గంటలు కొట్టి మిమ్మల్ని రమ్మన్నది కూడా నేనే.”

“నాకెర్కే,” అన్నారు. “జేబుల వెట్టుకున్న గద.”

“మరి శీనుకి ఎందుకు చెప్పలేదు సార్?”

“నేను జెప్తె అది నీ మీద కంప్లైంట్ అయితది. నువ్వు జెప్తె స్టేట్‌మెంట్ అయితది.” చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి తుంచారు. “బండ్లు గుద్దుకుంటె ముందుగాల మాస్టర్ను కుర్సీల కెళ్లి లేపుతరు. తప్పెవలిదన్నది ఎంక్వైరీల తేలుతది. గందుకే ఊకున్న. గింత లేటయితదని అనుకోలే.”

“ఈయనకు కోపం రాలేదనుకోకు,” అన్నారు లలితమ్మ గారు, తల ఎత్తకుండానే. “నీ పేరొస్తె అన్నం కాడికెళ్లి లేశిండు రెండుసార్లు.”

“మస్తు వచ్చింది,” అని సార్ ఒప్పుకున్నారు. “ఇగ శీనును విలువు. నాకు జెప్పుడు గాదు, వానికి జెప్పు.”

చెప్పాను. శీను గోడకు ఆనుకుని మొత్తం విన్నాడు. “ఏడు నెలలన్నా,” అన్నాడు చివరికి. “ఏడు నెలలు మా నాయనను గీ కుర్సీల కూసోవెట్టిన నేను. కండ్లు లేవని రోజు కసిరిన. నువ్వు దినాం సూసుకుంటనే పోయినవ్.” అతను లోపలికి వెళ్లి గది తాళం తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ చెయ్యి వదలకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.

గదిలో బల్ల సగం తీసేసి ఇన్వర్టరు, పాత మంచం పెట్టి ఉన్నాయి. గుట్ట ఒక మూల ఒరిగి ఉంది. రిజిస్టరు మాత్రం గూట్లో ఉంది. చివరి వరుసలో ఎడమ వైపు ఆయన రాత: అవతలి నుంచి రెండు గంటలు అందినవి, గోళీతో బండి బయల్దేరినది. కుడి వైపు ఖాళీ. నేను పెన్సిల్ తీశాను.

“పెన్నుతోటి,” అన్నారు.

గోళీ లేకుండా బండి పంపితిని, అని రాసి సంతకం పెట్టాను.

ఇంజనును బాగు చేయడానికి ఆయన చేతులు అప్పటికి నిలకడగా లేవు. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే నేను అతికాను, కొన్ని నెలలు పట్టింది. ఇప్పటికీ చక్రం తిరిగినప్పుడల్లా ఒకచోట టిక్కుమంటుంది. బల్ల తిరిగి కట్టాక ఆయన రైళ్లు నడిపింది రెండు వానాకాలాలు. నేను తినేసిన ఏడు నెలలు కూడా కలిస్తే ఇంకెన్ని ఆదివారాలు ఉండేవో లెక్క వేయకుండా ఉండలేను. ఆయన పోయాక శీను ఫోను చేశాడు. నేను నిజం చెప్పిన రోజు నుంచి అప్పటిదాకా మా మధ్య పొడి మాటలే నడిచాయి. “అన్నా, అవతలి స్టేషన్ల ఎవలో ఒకలుండాలె గద,” అన్నాడు. అప్పటినుంచి ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి.

ఈ సాయంత్రం కవరు తీసుకుని గేటు దగ్గరికి దిగి, తడి పొట్టు నాలుగు గుప్పిళ్లు ఎత్తుకున్నాను. వాచ్‌మన్ చూసి, “ఏం జేస్తరు సార్ గదాన్ని?” అన్నాడు.

“గడ్డి,” అన్నాను. నాచారంలో డాబా మీద రేకు కారి, వంతెన పక్కన గడ్డి మొత్తం పాడైంది మరి.

రేపు ఆదివారం. గోళీ కిందటి వారం నా బండిలోనే అటు పోయింది, శీను పక్క బరిణెలో ఉంది. రేపు చీర అవతల అతను ఒక గంట కొడతాడు. నేను చేస్తున్న పని ఆపి, మాట ఆపి, లైను నా స్టేషన్ నుంచి చీర దాకా చూసుకుని, అప్పుడు రెండు కొడతాను. ఆ ఇత్తడి ఇంజను టిక్కు టిక్కుమంటూ గుట్ట చుట్టి వచ్చి ఆగి, గోళీ నా చేతికి వచ్చేదాకా నా బండి కదలదు.